గణపాంబ: ధరణికోటను ఏలిన కాకతీయ రాజకుమార్తె

గణపాంబ 13వ శతాబ్దానికి చెందిన కాకతీయ రాజకుమార్తె. గణపమదేవి అని కూడా వ్యవహరిస్తారు. ఓరుగల్లు ప్రభువు గణపతిదేవుడి కూతురు, రుద్రమదేవికి తోబుట్టువు, కృష్ణానది దక్షిణ తీరాన ధరణికోట రాజధానిగా పాలించిన కోట వంశపు బేతరాజు భార్య. భర్త చనిపోయాక ఆ సీమ పాలనను తానే చేపట్టింది. ఈమె గురించి తెలిసినదంతా దాదాపు శాసనాల నుంచి వచ్చిందే. అందులో ముఖ్యమైనది గుంటూరు జిల్లా ప్రత్తిపాడు మండలం యెనమదలలోని సంస్కృత శాసనం.

రాజకుమార్తె పెళ్ళితో పుట్టింటికి పరాయిది అవుతుందన్న భావన కాకతీయుల విషయంలో నిలవదు. ఓరుగల్లు పాలకులు కృష్ణా డెల్టాపై పట్టు సాధించిన తీరులో యుద్ధాలకు ఎంత చోటుందో వియ్యాలకూ అంతే ఉంది. ఆ వియ్యాలలో గణపాంబది అన్నిటికంటే స్పష్టమైన సాక్ష్యం.

పూర్వరంగం: కృష్ణా తీరంలో రాణులు, రాజకుమార్తెలు

ఈ నేల మీద రాచకుటుంబపు ఆడవాళ్ళ పేర్లు శాసనాలకెక్కడం గణపాంబకు వెయ్యేళ్ళ ముందే మొదలైంది. నాగార్జునకొండ దగ్గర విజయపురి నుంచి పాలించిన ఇక్ష్వాకుల కాలంలో, రాజు శాంతమూలుని సోదరి శాంతిశ్రీ అక్కడి మహాచైత్యాన్ని పునరుద్ధరించింది. ఆమె కూతురు మేనల్లుడు వీరపురుషదత్తుడి భార్య. మేనరికం రాచకుటుంబాల్లో ఎంత పాతదో చెప్పడానికి చరిత్రకారులు సాధారణంగా చూపే ఉదాహరణ ఇదే. వీరపురుషదత్తుడి కూతురు కొడబలిశ్రీ వనవాసి పాలకుడికి భార్యగా వెళ్ళినా, పుట్టింటి రాజధానిలో విహారం కట్టించింది.

విజయవాడకు సంబంధించి ఈ వరుసలో మొదట చెప్పవలసిన పేరు అయ్యణ మహాదేవిది. 7వ శతాబ్దంలో వేంగి చాళుక్య రాజ్యాన్ని స్థాపించిన కుబ్జ విష్ణువర్ధనుడి రాణి. బెజవాడలోని నడుంబివసతి అనే జైన బసదికి దానం చేసింది.

వేంగిలో రాజకుమార్తెల పెళ్ళిళ్ళు 11వ శతాబ్దంలో ఏకంగా రాజ్యాలనే కలిపాయి. చోళ రాజరాజు కూతురు కుందవ్వ వేంగి విమలాదిత్యుడికి భార్య అయింది. వారి కొడుకు రాజరాజనరేంద్రుడు. ఇతడు మళ్ళీ మేనమామ రాజేంద్ర చోళుడి కూతురు అమ్మంగదేవిని చేసుకున్నాడు. వీరి కొడుకే 1070లో కులోత్తుంగుడన్న పేరుతో చోళ సింహాసనం ఎక్కాడు. రెండు తరాల మేనరికం వల్ల వేంగి రాకుమారుడు చోళ చక్రవర్తి అయ్యాడన్నమాట. (చూ. తూర్పు చాళుక్యులు.)

పుట్టినిల్లు: కాకతీయులు

హనుమకొండ, తర్వాత ఓరుగల్లు కేంద్రంగా పాలించిన కాకతీయుల్లో స్వతంత్ర పాలన రుద్రదేవుడితో మొదలైంది. వేయిస్తంభాల గుడి శాసనం 1163 నాటిది. రుద్రదేవుడు 1185లో త్రిపురాంతకేశ్వరుడికి ఊరు దానమిచ్చాడు. అంటే కృష్ణకు దక్షిణాన కాకతీయుల రాకపోకలు అప్పటికే ఉన్నాయి. అతడి తర్వాత తమ్ముడు మహాదేవుడు కొద్దికాలం పాలించాడు. మహాదేవుడి కొడుకే గణపతిదేవుడు. తల్లి బయ్యాంబ.

గణపతి యౌవనంలో దేవగిరి యాదవుల చేతికి చిక్కి కొంతకాలం బందీగా ఉన్నాడు. విడుదలై వచ్చి 1199లో పాలన చేపట్టి, 1262 వరకు అరవై ఏళ్ళకు పైగా ఏలాడు. ఇంత సుదీర్ఘ పాలనలో అతడికి కొడుకులు కలగలేదనీ, ఆ కారణంగానే రుద్రమను వారసురాలిగా తీర్చిదిద్దాడనీ చరిత్రకారుల సాధారణ అభిప్రాయం. ఇద్దరు కూతుళ్ళలో రుద్రమను పెద్దగా, గణపాంబను చిన్నగా చెప్పడం వాడుక. గణపాంబ అన్న పేరులో తండ్రి పేరే వినిపిస్తుంది.

తీరాంధ్రపై గణపతి దండయాత్ర 1201లో బెజవాడతో మొదలైంది. అప్పుడు కృష్ణా డెల్టాలో పెద్ద శక్తి వెలనాటి చోడులు. వారి రాజధాని చందవోలు. పాలకుడు పృథ్వీశ్వరుడు. బెజవాడ చేతికి వచ్చాక కాకతీయ సైన్యం నదీముఖం వైపు దిగి దివిసీమను ముట్టడించింది.

మేనత్తలు: నతవాటి సీమ కోడళ్ళు

గణపతికి ఇద్దరు చెల్లెళ్ళు, మైలాంబ, కుందాంబ. ఇద్దరూ నతవాటి పాలక కుటుంబంలోకి కోడళ్ళుగా వెళ్ళారు. నతవాడి అంటే స్థూలంగా నేటి నందిగామ, మధిర పరిసరాలు. ఓరుగల్లు నుంచి బెజవాడకు దిగే దారి ఈ సీమ మీదుగానే. కృష్ణ దాకా వెళ్ళే సైన్యానికి నడుమ నతవాటి వారు బంధువులై ఉండడం చిన్న సౌకర్యం కాదు.

మైలాంబ తన పేరు నిలిచే పని ఒకటి చేసింది. బయ్యారంలో చెరువు తవ్వించి, కట్ట మీద శాసనం వేయించింది. కాకతీయుల తొలితరాల వంశక్రమం తెలుసుకోవడానికి బయ్యారం చెరువు శాసనం అతిముఖ్యమైన ఆధారాల్లో ఒకటి. వంశచరిత్రను రాయి మీద పెట్టించింది గద్దె మీద ఉన్న కొడుకు కాదు, అత్తింట ఉన్న ఆడపడుచు. యెనమదలలో గణపాంబ కూడా ఇదే పని చేసింది. కాకతీయ వంశావళికి మనకున్న మంచి ఆధారాల్లో రెండు ఈ విధంగా ఆ ఇంటి ఆడపిల్లలు వేయించినవే.

నతవాటి రుద్రుడి కూతురు బయ్యల 1234లో అమరావతిలో బుద్ధదేవుడికి అఖండదీపం ఏర్పాటు చేసిన శాసనం ఉంది. బౌద్ధం అప్పటికి తెలుగునాట దాదాపు మరుగున పడింది. శైవ రాజకుటుంబాలతో బంధుత్వమున్న ఇంటి పిల్ల ఆ కాలంలో బుద్ధుడి ముందు దీపం పెట్టించడం అమరావతి విషయంలో గమనించదగిన సంగతి. (చూ. అమరావతి స్తూపం.)

నారాంబ, పేరాంబ: దివి నుంచి తెచ్చుకున్న రాణులు

దివిసీమ కృష్ణ పాయల నడుమ, సముద్రం ఒడ్డున ఉన్న లంక ప్రాంతం. నేటి అవనిగడ్డ, మోపిదేవి, నాగాయలంక, కోడూరు మండలాలు ఈ సీమలోనివి. 13వ శతాబ్దం ఆరంభంలో దీన్ని అయ్య వంశీయులు పాలించారు. కాకతీయ సైన్యం ముట్టడించాక గణపతి ఆ వంశాన్ని నిర్మూలించలేదు. ఆ వంశపు పిన్నచోడుడి కూతుళ్ళు నారాంబ, పేరాంబలను పెళ్ళాడాడు. వారి తమ్ముడు జాయపను తన కొలువులోకి తీసుకుని గజసాహిణిని చేశాడు, అంటే ఏనుగుల దళానికి అధిపతి.

జాయప సేనాని తర్వాత తామ్రపురి, అంటే నేటి చేబ్రోలు, పాలకుడయ్యాడు. 1213 నాటి చేబ్రోలు శాసనం ప్రకారం తండ్రి పేరిట చోడేశ్వరాలయం కట్టించాడు. 1254లో నృత్తరత్నావళి పూర్తిచేశాడు. నాట్యశాస్త్రంలో దేశి సంప్రదాయాలను ఇంత వివరంగా నమోదు చేసిన గ్రంథాలు తక్కువ. ఒక వియ్యం వల్ల ఓరుగల్లుకు ఇద్దరు రాణులు, ఒక సేనాని, ఒక శాస్త్రకర్త దక్కారు. గణపాంబకు జాయప మేనమామ వరస.

డెల్టా పెళ్ళిళ్ళలో ఇచ్చిపుచ్చుకోవడం రెండు వైపులా జరిగింది. దారిలో ఉన్న నతవాటికి చెల్లెళ్ళను ఇచ్చారు. ఓడించిన దివి నుంచి పిల్లలను తెచ్చుకున్నారు. పాత ప్రతిష్ఠ ఉన్న ధరణికోటకు కూతురిని ఇచ్చారు.

మెట్టినిల్లు: ధరణికోట కోట వంశం

ధరణికోట అంటే పాత ధాన్యకటకం. శాతవాహనుల కాలం నుంచి పేరున్న పట్టణం. అమరావతి దీని పక్కనే ఉంది. విజయవాడ నుంచి నది ఎగువకు 40 కిలోమీటర్ల లోపు దూరం. 12, 13వ శతాబ్దాలలో ఇక్కడి నుంచి పాలించిన కుటుంబాన్ని కోట వంశం అంటారు. కృష్ణవేణి నదికి దక్షిణాన ఆరువేల గ్రామాల సీమ తమదనీ, అది త్రినయన పల్లవుడి అనుగ్రహంతో లభించిందనీ వారి బిరుదుగద్యాలు చెప్పుకున్నాయి. షట్సహస్ర సీమ అన్న పేరు ఇక్కడిదే. ఆరువేల ఊళ్ళన్న లెక్కను సంప్రదాయంగా తీసుకోవాలి గాని జనాభా లెక్కగా కాదు.

కోట వంశీయులు దుర్జయుడి సంతతివారమనీ, చతుర్థ కులజులమనీ చెప్పుకున్నారు. కాకతీయులు కూడా దుర్జయుడినే మూలపురుషుల్లో ఒకడిగా పేర్కొన్నారు. అందువల్ల ఈ వియ్యంలో వంశగౌరవం విషయంలో పేచీ ఉండే అవకాశం తక్కువ.

ఈ వంశంలో ప్రసిద్ధుడు రెండో కేతరాజు. భీమరాజు, సబ్బమదేవి దంపతుల కొడుకు. 1182 నాటి అమరావతి స్తంభశాసనం ఇతడిదే. అమరేశ్వరుడు కొలువైన పట్టణంలోనే ఎత్తయిన బుద్ధచైత్యం ఉందని ఆ శాసనం వర్ణిస్తుంది. కేతరాజు బుద్ధుడికి దానాలిచ్చాడు, దీపాలు పెట్టించాడు. అతడి భోగపత్నులు కూడా దీపాలు పెట్టించారు. పాలకుడు శైవుడు. అయినా పట్టణంలోని పాత దేవుడికి జరగవలసింది జరిగింది.

కేతరాజు కొడుకు రుద్రరాజు. అతడి కొడుకు బేతరాజు. గణపాంబను చేసుకున్నది ఇతడే. ఈ పెళ్ళితో డెల్టా దక్షిణ భాగంలో అత్యంత పాత రాజధాని ఓరుగల్లుకు అల్లుడి ఊరైంది. అక్కడి నుంచి మోటుపల్లి రేవు దాకా ఉన్న సీమలో కాకతీయులకు గట్టి అండ ఏర్పడింది. మోటుపల్లిలో గణపతిదేవుడు విదేశీ వర్తకులకు రక్షణ హామీ ఇస్తూ 1244లో అభయశాసనం వేయించాడు.

భర్త మరణానంతరం

బేతరాజు చనిపోయాక గణపాంబ భర్త రాజ్యాన్ని ఏలింది. కాకతీయుల సామంత వ్యవస్థలో ఇది అరుదే గాని అసాధ్యం కాదు. తండ్రి చక్రవర్తి. తోబుట్టువు కొద్ది సంవత్సరాల్లో గద్దెనెక్కబోతోంది. కోట వంశంలో ఆమె మాటను కాదనగలవాడు ఉన్నా, ఓరుగల్లును కాదనగలవాడు ఉండడు. వితంతువుగా ఆమె అధికారానికి అసలు ఆధారం భర్త వంశమా, తండ్రి బలమా అన్న ప్రశ్నకు యెనమదల శాసనం కూర్పే కొంత సమాధానమిస్తుంది.

యెనమదల శాసనం

రాతి స్తంభం మీద సంస్కృత శ్లోకాల్లో, తెలుగు లిపిలో చెక్కిన ఈ శాసనం 1250 ప్రాంతానిది. జర్మన్ పండితుడు హుల్ట్‌జ్ దీన్ని ఎపిగ్రాఫియా ఇండికా మూడో సంపుటంలో పరిష్కరించి ప్రచురించాడు.

శాసనం వరుసను గమనించాలి. మొదట దుర్జయుడి నుంచి మొదలై బేత, ప్రోల, మహాదేవుల మీదుగా గణపతిదేవుడి దాకా కాకతీయ వంశం. ఆ తర్వాత ధాన్యకటకం, కేతరాజు, రుద్రరాజు, బేతరాజు. చివరికి ఆమె, ఆమె చేసిన ధర్మకార్యాలు. భర్త రాజ్యాన్ని ఏలుతున్న ఆమె తన రాతి మీద మొదటి చోటు పుట్టింటికి ఇచ్చింది.

ఆమె చేసిన పనులుగా శాసనం పేర్కొన్నవి ప్రధానంగా మూడు. అమరేశ్వరాలయ శిఖరాలకు బంగారు కలశాలు ఎత్తించింది. చనిపోయిన భర్తకు పుణ్యంగా బేతేశ్వరుడనే పేరుతో శివాలయం కట్టించి భూములిచ్చింది. తండ్రి పేరుమీద గణపేశ్వరుడిని ప్రతిష్ఠించింది.

బేతేశ్వరం, గణపేశ్వరం వంటి పేర్లు ఆ కాలపు రివాజు. ఎవరి పుణ్యం కోసం గుడి కడితే వారి పేరుకు ఈశ్వర శబ్దం చేర్చి లింగానికి పెట్టేవారు. జాయప కట్టించిన చోడేశ్వరం కూడా అంతే. ఈ పద్ధతి వల్ల చరిత్రకారులకు పెద్ద మేలు జరిగింది. గుడి పేరు విప్పితే ఒక మనిషి పేరు దొరుకుతుంది.

అమరేశ్వరాలయం పంచారామాల్లో ఒకటి. ఇక్కడి శివలింగం చాలా ఎత్తు. కింది అంతస్తు నుంచి శిరోభాగం అందదు. అర్చకులు పై అంతస్తుకు ఎక్కి అభిషేకం చేస్తారు. ఈ ఆలయం 18వ శతాబ్దం చివర వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి కాలంలో విశేషంగా మార్పులు పొందింది. చింతపల్లి విడిచి అమరావతిని రాజధానిగా చేసుకున్న జమీందారు ఆయన. ఈనాటి గోపురాలు చూసి గణపాంబ ఎత్తించిన కలశాలను ఊహించుకోవడం సరికాదు. (చూ. పంచారామాలు, వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు.)

దానాల నిర్వహణ

రాచకుటుంబపు స్త్రీలు చేసిన దానాలు స్థూలంగా ఆలయ నిర్మాణం, ఊరు లేదా పొలం ఇవ్వడం, అఖండదీపం, చెరువు అన్న రూపాల్లో కనిపిస్తాయి. అన్నింటికంటే సాధారణమైనది దీపం. గుడికి ఇన్ని గొర్రెలనో ఆవులనో ఇచ్చి, వాటిని బోయలకో గొల్లలకో అప్పగించేవారు. మందను పెంచుకునేవాడు రోజూ నిర్ణయించిన కొలత ప్రకారం నెయ్యి గుడికి చేర్చాలి. మంద పెరిగితే లాభం అతడిది. తరిగినా నెయ్యి తప్పకూడదు. దాత ఒకసారి ఇచ్చిన మూలధనంతో దీపం తరతరాలు వెలగాలన్నది ఈ ఏర్పాటు ఉద్దేశం.

చెరువు తవ్వించడం మాత్రం తెలంగాణ మెట్ట నుంచి వచ్చిన కాకతీయ ఆడపడుచుల ప్రత్యేకత. డెల్టాలో ఆ అవసరం తక్కువ. అక్కడ నదీ తీరపు లంకభూములే విలువైన దానాలు.

రుద్రమదేవి

గణపాంబ తోబుట్టువు రుద్రమదేవి 1262 నుంచి 1289 వరకు ఓరుగల్లును పాలించింది. అంతకు కొన్నేళ్ళ ముందే తండ్రితో కలిసి రాజ్యవ్యవహారాలు చూసింది. శాసనాల్లో చాలాచోట్ల ఆమె పేరు రుద్రదేవ మహారాజు. విద్యానాథుడి ప్రతాపరుద్రీయం కూడా గణపతి కూతురికి పురుషనామం పెట్టాడని చెబుతుంది. భర్త నిడదవోలు చాళుక్య శాఖకు చెందిన వీరభద్రుడు. ఇది కూడా డెల్టా వైపు వియ్యమే, కాకపోతే గోదావరి పక్క. వేంగి చాళుక్యుల పాత ప్రతిష్ఠ ఈ పెళ్ళితో ఓరుగల్లుకు కలిసివచ్చింది. వీరభద్రుడికి పాలనలో చెప్పుకోదగ్గ పాత్ర కనిపించదు.

ఇద్దరు తోబుట్టువుల అధికారానికి చట్టబద్ధత వేర్వేరు దారుల్లో వచ్చింది. రుద్రమ తండ్రి వారసురాలిగా, మగరాజు బిరుదులతో ఏలింది. గణపాంబ భర్త వారసురాలిగా, రాణి పేరుతోనే ఏలింది. చరిత్ర పుస్తకాలు మొదటిదానికి అధ్యాయాలు ఇచ్చి రెండోదాన్ని రెండు వాక్యాలతో సరిపెడతాయి. నిజానికి 13వ శతాబ్దపు తెలుగునాట స్త్రీ పాలన ఒకే ఒక్క మినహాయింపు కాదని చెప్పడానికి ఈ రెండోదే అవసరం.

సామంతుడు కాయస్థ అంబదేవుడి తిరుగుబాటు కాలంలో రుద్రమ మరణించింది. నల్లగొండ జిల్లా చందుపట్ల శాసనం 1289 నవంబరు 27 నాటిది. రుద్రమకూ సేనాని మల్లికార్జున నాయకుడికీ శివలోక ప్రాప్తి కోసం చేసిన దానాన్ని ఇది నమోదు చేసింది.

మల్కాపురం శాసనం

ధరణికోటకూ విజయవాడకూ మధ్య నది దక్షిణపు ఒడ్డున, తుళ్ళూరు మండలంలో మల్కాపురం ఉంది. ఇక్కడి శాసనస్తంభం 1261 నాటిది. గోళకీమఠ శైవాచార్యుడు విశ్వేశ్వర శివుడు గౌడదేశం నుంచి వచ్చినవాడు, గణపతిదేవుడికి దీక్షాగురువు. ఆయనకు గణపతి మందడం గ్రామాన్ని ఇస్తానని మాట ఇచ్చాడు. రుద్రమ ఆ మాట చెల్లించి, దానికి వెలగపూడిని, కృష్ణలోని లంకభూమిని కూడా కలిపి ధారపోసింది.

ఆచార్యుడు అక్కడ విశ్వేశ్వర గోళకి పేరుతో అగ్రహారం ఏర్పాటు చేశాడు. 60 ద్రావిడ బ్రాహ్మణ కుటుంబాలను నిలిపాడు. శివాలయం, శైవమఠం, అన్నసత్రం, ఋగ్యజుస్సామ వేదాలతో పాటు ఇతర శాస్త్రాలు చెప్పే విద్యాలయం, ఆరోగ్యశాల, ప్రసూతిశాల ఇందులో భాగాలు. వైద్యుడు, లెక్కలు రాసే కాయస్థుడు, వంటవాళ్ళు, నర్తకులు, వాద్యగాళ్ళు, ఊరి కాపలా కాసే వీరభద్రులు, చేతిపనులవారు, ఎవరికి ఏ భూమి రావాలో శాసనం వేరువేరుగా చెబుతుంది. ప్రసూతిశాలను విడిగా పేర్కొన్న మధ్యయుగపు తెలుగు శాసనంగా దీనికి పేరుంది. సత్రంలో కులం చూడకుండా అన్నం పెట్టాలన్న నియమం కూడా ఉంది.

మందడం, వెలగపూడి పేర్లు నేటి పాఠకులకు కొత్తవి కావు. 2016 నుంచి ఆంధ్రప్రదేశ్ సచివాలయం నడుస్తున్నది వెలగపూడిలోనే.

తర్వాతి తరం

రుద్రమకు ముగ్గురు కూతుళ్ళు. పెద్దది ముమ్మడమ్మ. భర్త మహాదేవుడు. వీరి కొడుకు ప్రతాపరుద్రుడిని రుద్రమ దత్తత తీసుకుంది. 1289 నుంచి 1323లో ఓరుగల్లు ఢిల్లీ సుల్తానుల వశమయ్యేదాకా పాలించింది ఇతడే. రెండో కూతురు రుద్రమ యాదవ రాకుమారుడు ఎల్లణదేవుడి భార్య. ఈ దంపతుల సంగతి గుంటూరు ప్రాంతంలోని ఆలపాడు శాసనం వల్ల తెలుస్తుంది. మూడో కూతురు రుయ్యమ్మను ఇందులూరి అన్నయమంత్రి చేసుకున్నాడని శివయోగసారం అనే గ్రంథం చెబుతుంది. ఇందులూరివారు ఓరుగల్లు కొలువులో పలుకుబడి ఉన్న మంత్రుల కుటుంబం. పెద్ద కూతురి కొడుకు గద్దెకు, మిగిలిన ఇద్దరి భర్తలు దన్నుకు అన్నట్టుగా ఈ పెళ్ళిళ్ళు కుదిరాయి. గణపతి తన చెల్లెళ్ళ, కూతుళ్ళ పెళ్ళిళ్ళకు పాటించిన పద్ధతే ఇది.

విదేశీ యాత్రికుడి కథనం

13వ శతాబ్దం చివర మార్కో పోలో ముత్‌ఫిలి అనే రాజ్యాన్ని వర్ణించాడు. మోటుపల్లి రేవు పేరునే అతడు దేశం పేరుగా తీసుకున్నాడు. దాన్ని ఒక రాణి న్యాయంగా ఏలుతోందనీ, భర్త చనిపోయినప్పటి నుంచి ఆమే పాలకురాలనీ రాశాడు. అక్కడి వజ్రాలను, సాలెగూడంత సన్నని బట్టను మెచ్చుకున్నాడు. ఆ రాణి రుద్రమ అని అందరూ అంగీకరిస్తారు. కాని రుద్రమకు రాజ్యం వచ్చింది తండ్రి నుంచి, భర్త నుంచి కాదు. భర్త పోయాక ఏలినది గణపాంబ. పరదేశి వర్తకుడికి, ఆడది రాజ్యమేలుతోందంటే వితంతువే అయి ఉంటుందని తోచడం సహజమే.

ఇతర దేశాల రాజకుమార్తెలు

రాజకుమార్తె పెళ్ళిని రెండు అధికార కేంద్రాల మధ్య వంతెనగా వాడడం అన్ని దేశాల్లో ఉంది. గణపాంబ జీవితానికి బాగా దగ్గరగా కనిపించేది జపాన్ రాకుమారి కజునోమియా కథ. 1846లో పుట్టిన ఈమె నింకో చక్రవర్తి కూతురు, కోమెయ్ చక్రవర్తి చెల్లెలు. అరిసుగావా తరుహితోతో కుదిరిన సంబంధాన్ని రద్దుచేసి, 1862లో ఈమెను షోగన్ తొకుగావా ఇయెమోచికిచ్చి చేశారు. క్యోటోలోని చక్రవర్తికీ ఎదో (నేటి టోక్యో) లోని షోగన్ ప్రభుత్వానికీ మధ్య సయోధ్య కుదర్చడం ఉద్దేశం. 1866లో భర్త చనిపోయాడు. ఆమె పుట్టింటికి వెళ్ళిపోలేదు. 1868లో చక్రవర్తి సైన్యం ఎదో మీదికి వచ్చినప్పుడు, దానికి సేనాధిపతి ఒకప్పుడు ఆమెకు నిశ్చయించిన తరుహితోనే. తొకుగావా ఇల్లు నాశనం కాకుండా చూడమని ఆమె పుట్టింటికి విన్నవించుకుంది. 1877లో మరణించాక టోక్యోలోని జోజోజీ ఆలయంలో భర్త పక్కనే సమాధి చేశారు.

గణపాంబకు ఈ ఇబ్బంది రాలేదు. పుట్టిల్లు, మెట్టినిల్లు ఆమె కాలంలో ఒకే పక్షాన ఉన్నాయి.

వారసత్వ విషయంలో మాత్రం ఈ రెండు సమాజాలు వేర్వేరు. జపాన్‌లో సుయికో నుంచి 1771లో గద్దె దిగిన గో-సకురామాచి దాకా ఎనిమిది మంది స్త్రీలు పది పర్యాయాలు చక్రవర్తినులుగా ఉన్నారు. 1947 నాటి రాజకుటుంబ చట్టం సింహాసనాన్ని మగసంతతికే పరిమితం చేసింది. రాకుమారి సామాన్యుణ్ణి పెళ్ళాడితే రాజకుటుంబ సభ్యత్వం పోతుందని కూడా అదే చట్టం చెబుతుంది. అకిహితో కూతురు సయాకో 2005లో, అకిహితో మనవరాలు మాకో 2021లో ఈ విధంగానే సామాన్య పౌరులయ్యారు. కాకతీయుల్లో రాజ్యం కూతురికి, ఆమె నుంచి కూతురి కొడుక్కి వెళ్ళింది. (చూ. జపాన్ రాజవంశం.)

పరిశోధన, సాహిత్యం

హుల్ట్‌జ్ తర్వాత కాకతీయ శాసనాలను కూలంకషంగా చదివినవారిలో మల్లంపల్లి సోమశేఖర శర్మ, నేలటూరి వెంకటరమణయ్య, పి.వి. పరబ్రహ్మశాస్త్రి ముఖ్యులు. 1935లో మారేమండ రామారావు సంపాదకత్వంలో రాజమండ్రి నుంచి కాకతీయ సంచిక వెలువడింది. సింథియా టాల్బట్ 2001లో ప్రచురించిన గ్రంథంలో శాసనదాతలైన స్త్రీలను ప్రత్యేకంగా చర్చించింది.

నవలల్లో, సినిమాల్లో రుద్రమదే పెద్దపీట. అడివి బాపిరాజు గోన గన్నారెడ్డి, నోరి నరసింహశాస్త్రి రుద్రమదేవి నవలలు ఆ కాలాన్ని తెలుగు పాఠకులకు దగ్గర చేశాయి. గుణశేఖర్ తీసిన రుద్రమదేవి సినిమా 2015లో విడుదలైంది. గణపాంబ కథానాయికగా ఇంతవరకు చెప్పుకోదగ్గ రచన రాలేదు. ఆమెను చదవదలచినవారికి యెనమదల శాసనపాఠమే ఇప్పటికీ మొదటి ఆధారం.